అమ్ముకునే అవసరం లేని చిత్రకారుడు: జాన్ పీటర్ రస్సెల్

(సిడ్నీలో తెలుగువాళ్లు కలుసుకునే ఒక సాహిత్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మనం ఎప్పుడూ పుస్తకాల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి బొమ్మల గురించి చెప్పమన్నారు. ఎలాగూ ఈ దేశంలో ఉంటున్నాం కాబట్టి ఇక్కడి చిత్రకారుడైతే బాగుంటుందన్నారు. నేను ఎంచుకున్న మనిషి మన ఊరివాడే. 1858 జూన్ 16న డార్లింగ్‌హర్స్ట్‌లో పుట్టాడు. 1930 ఏప్రిల్‌లో చనిపోయేనాటికి వాట్సన్స్ బేలో ఉంటున్నాడు. పుట్టుక, చావు రెండూ సిడ్నీలోనే. కానీ వేసిన మంచి బొమ్మలన్నీ ఫ్రాన్సులో వేశాడు. పేరు జాన్ పీటర్ రస్సెల్.

ఈ పేరు ఇంతకుముందు విన్నవాళ్లు చేతులెత్తండి. ఒకరిద్దరు ఉన్నారు, సంతోషం. ఇప్పుడు ఇంకో నాలుగు పేర్లు చెబుతాను. వాన్ గో. మోనే. రోడిన్. మతీస్. అందరూ తలలూపుతున్నారు. రస్సెల్‌కి ఈ నలుగురితోనూ పరిచయం ఉంది. ఇతను వాన్ గో ముఖచిత్రం వేశాడు. మోనే పక్కన నిలబడి ఆయన పని చేస్తుంటే చూశాడు. రోడిన్ ఇతని భార్యను శిల్పంగా మలిచాడు. మతీస్‌కి రంగుల సంగతి చెప్పింది ఇతనే. ఇంతమంది నడుమ మసిలినవాడి పేరు సొంత ఊళ్లోనే ఎవరికీ ఎందుకు తెలియదు? నా లెక్కలో దీనికి కారణం డబ్బు. డబ్బు లేక మరుగున పడిపోయిన కళాకారుల కథలు మనం చాలా విన్నాం. ఈయన సంగతి తిరగబడింది.

ఆ డబ్బు ఎక్కడిదో ముందు చెప్పాలి. రస్సెల్ వాళ్లది స్కాట్లండ్ నుంచి వలస వచ్చిన ఇంజనీర్ల కుటుంబం. సిడ్నీలో వాళ్లకు పెద్ద ఇనుప ఫౌండ్రీ ఉండేది, పి. ఎన్. రస్సెల్ అండ్ కంపెనీ అని. ఆ పి. ఎన్. రస్సెల్ మన కథానాయకుడికి బాబాయి. సిడ్నీ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే ఆ పేరు గుర్తుండాలి. 1890లలో ఒకసారి యాభై వేల పౌండ్లు, 1904లో మరో యాభై వేలు ఆ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదువుల కోసం ఇచ్చినాయన ఆయనే. అప్పట్లో అది ఎంత పెద్ద మొత్తమో మీరే ఊహించుకోండి.

అలాంటి ఇంట్లో పెద్దకొడుకు ఏం చదవాలి? మన ఇళ్లలో లాగే, ఇంజనీరింగ్. (నవ్వులు) పద్దెనిమిదేళ్లకి ఇంగ్లండ్ పంపించారు. లింకన్ అనే ఊళ్లో ఆవిరి ఇంజన్లు తయారుచేసే రోబీ కంపెనీలో అప్రెంటిస్‌గా చేరాడు. బుద్ధిగా పని నేర్చుకున్నాడు, ఇంజనీర్ అయ్యాడు కూడా. 1879లో తండ్రి పోయాడు. వాటా చేతికొచ్చింది. ఇక జీవితంలో జీతం కోసం పని చేయాల్సిన పని లేదని తేలిపోయింది. 1881 జనవరిలో లండన్‌లోని స్లేడ్ స్కూల్లో చిత్రలేఖనంలో చేరిపోయాడు.

స్లేడ్‌లో ఆయన గురువు అల్ఫోన్స్ లెగ్రో అనే ఫ్రెంచి ఆయన. గీత మీద పట్టు రావాలని పట్టుబట్టే మనిషి. రస్సెల్ బొమ్మల్లో రంగులు ఎంత రేగినా కింద ఆకారం చెదరకుండా ఉంటుంది చూడండి, అది అక్కడి చలవే.

1883లో ఒక సరదా ప్రయాణం జరిగింది. రస్సెల్, తమ్ముడు పెర్సీ, ఇంకో ఇద్దరు స్నేహితులు కలిసి స్పెయిన్‌లో కాలినడకన తిరిగారు. ఆ ఇద్దరిలో ఒకరు విలియం మలోనీ. అప్పటికి వైద్యవిద్యార్థి. తర్వాత మెల్‌బోర్న్ నుంచి దశాబ్దాల తరబడి ఎంపీగా ఉన్నాడు. రస్సెల్ 1887లో వేసిన ఆయన ముఖచిత్రం మెల్‌బోర్న్ నేషనల్ గ్యాలరీలో ఉంది. రెండోవాడు టామ్ రాబర్ట్స్. గొర్రెల ఉన్ని కత్తిరించే షెడ్డు బొమ్మ మీరు చూసే ఉంటారు, ఇక్కడ స్కూలు పిల్లల పుస్తకాల్లో కూడా ఉంటుంది. ఆ రాబర్ట్సే. ఆయన 1885లో తిరిగి వచ్చేసి ఇక్కడ మెల్‌బోర్న్ శివార్లలో ఆరుబయట బొమ్మలు వేసిన హైడల్బర్గ్ బృందానికి పెద్దదిక్కయ్యాడు. రస్సెల్ అక్కడే ఉండిపోయాడు. ఇద్దరూ ఉత్తరాలు రాసుకుంటూ ఉన్నారు. పారిస్‌లో ఏం జరుగుతోంది, ఏ రంగులు వాడుతున్నారు అనేది రస్సెల్ రాసేవాడు. ఇక్కడ రాబర్ట్స్ బృందం 1889లో మెల్‌బోర్న్‌లో సిగార్ పెట్టెల మూతల మీద వేసిన బొమ్మలతో ప్రదర్శన పెట్టి, ఇవి ఇంప్రెషన్లు, అంటే కంటికి తోచిన క్షణపు వెలుగునీ రంగునీ అప్పటికప్పుడు పట్టుకున్న బొమ్మలు అని ప్రకటించుకుంది. పత్రికల్లో పెద్ద గొడవైంది. మంచి బొమ్మలే, నేను తీసిపారేయడం లేదు. కానీ ఆ సమయానికి మోనే దగ్గరే రంగు సంగతి తెలుసుకున్న ఆస్ట్రేలియన్ ఒకడు అట్లాంటిక్ ఒడ్డున కూర్చుని పని చేస్తున్నాడు. అతని బొమ్మలు ఇక్కడ ఎవరూ చూడలేదు.

సరే, పారిస్‌కి వద్దాం. 1880ల మధ్యలో రస్సెల్ పారిస్ వెళ్లి ఫెర్నాన్ కొర్మాన్ అనే చిత్రకారుడి స్టూడియోలో చేరాడు. కొర్మాన్ పాతకాలపు పద్ధతి మనిషి, ఆదిమానవుల మీద భారీ బొమ్మలు వేసేవాడు. ఆయన దగ్గర చేరిన కుర్రాళ్లలో, తర్వాత పెద్ద చిత్రకారులైన తులూజ్ లోత్రెక్ ఉన్నాడు, ఎమిల్ బెర్నార్డ్ ఉన్నాడు. 1886లో ముప్పై దాటిన ఒక డచ్చి మనిషి వచ్చి చేరాడు. అప్పటికి ఎవరికీ తెలియనివాడు. ముక్కోపి. తమ్ముడు పంపే డబ్బుతో బతికేవాడు. అతనే విన్సెంట్ వాన్ గో.

తెర మీద ఈ బొమ్మ చూడండి. 1886లో రస్సెల్ వేసిన విన్సెంట్ ముఖచిత్రం. ఆమ్‌స్టర్‌డామ్ వాన్ గో మ్యూజియంలో ఉంది. వాన్ గో అనగానే మనకు ఆయన తనని తాను వేసుకున్న బొమ్మలే గుర్తొస్తాయి. సుడులు తిరిగే నీలం, పచ్చ గీతలు, ఆ మండే కళ్లు. ఇక్కడ ఇంకో మనిషి ఆయన్ని చూస్తున్నాడు. వెనక అంతా చీకటి. విన్సెంట్ భుజం మీదుగా ఇటు తిరిగి చూస్తున్నాడు. కొంచెం అనుమానం, కొంచెం అలసట. చేతిలో కుంచె. దాదాపు ఫోటోలా ఉంది. ఆయన్ని దగ్గరగా ఎరిగిన హార్ట్రిక్ అనే స్కాట్లండ్ చిత్రకారుడు తాను చూసినవాటిలో అన్నింటికన్నా పోలిక బాగా కుదిరిన బొమ్మ ఇదేనన్నాడు. రంగు కాలక్రమేణా నల్లబడిపోయింది. తలకి పైన ఎర్ర అక్షరాలతో విన్సెంట్ పేరు రాసి ఉన్న జాడలు పరీక్షల్లో బయటపడ్డాయి.

రస్సెల్ ఆ బొమ్మని విన్సెంట్‌కే ఇచ్చేశాడు. 1889లో సాన్ రెమీ మానసిక ఆసుపత్రి నుంచి విన్సెంట్ తమ్ముడు థియోకి రాసిన ఉత్తరంలో, రస్సెల్ వేసిన నా బొమ్మని జాగ్రత్తగా చూసుకో, అదంటే నాకు చాలా ఇష్టం అని రాశాడు. ఆ మనిషి తన సొంత బొమ్మల గురించే అంత పట్టింపుగా మాట్లాడడం అరుదు.

అదే 1886 వేసవిలో రస్సెల్ బెల్ ఈల్ అనే దీవికి వెళ్లాడు. బ్రిటనీ తీరానికి అవతల, అట్లాంటిక్‌లో ఉంటుంది. పొడవు ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు. తూర్పు వైపు నెమ్మదిగా ఉంటుంది కానీ పడమటి ఒడ్డు భయంకరం. నిటారు కొండలు, సూదుల్లా నీళ్లలోంచి లేచిన రాళ్లు, వాటిని ఎడాపెడా కొట్టే అలలు. మోనే కూడా అదే ఏడాది అక్కడికి వచ్చాడు. పదిహేను రోజులు ఉందామని వచ్చినవాడు రెండు నెలలు దాటినా కదల్లేదు. దాదాపు నలభై బొమ్మలు వేశాడు. ఒకరోజు ఒడ్డున ఒకాయన బొమ్మ వేసుకుంటుంటే రస్సెల్ ఆ చేతి తీరు చూసి గుర్తుపట్టాడు. దగ్గరికెళ్లి, ఇంప్రెషనిస్టుల యువరాజు మోనే మీరేనా అని అడిగాడట. పొగడ్తకి పడనివాళ్లు ఎవరుంటారు! (నవ్వులు) పని చేసేటప్పుడు పక్కన ఎవరినీ ఉండనివ్వని మోనే రస్సెల్‌ని ఉండనిచ్చాడు. కలిసి భోజనాలు చేశారు, కలిసి పని చేశారు.

ఆ కొద్ది వారాల్లో రస్సెల్ చేతిలో ఏం మారిందో చెప్పాలి. స్కూళ్లలో నేర్పే పద్ధతిలో నీడ అంటే గోధుమరంగు, నలుపు. వెలుగున్న చోట రంగు, నీడ ఉన్న చోట మట్టి. మోనే బొమ్మలో నీడకి కూడా రంగుంటుంది. ఎండ పసుపు అయితే నీడ ఊదా. రాయి నారింజ అయితే దాని కింది నీళ్లు నీలం. ఎదురు రంగుల్ని పక్కపక్కన పెడితే ఒకదాన్ని ఒకటి ఎగదోస్తాయి. పైగా రంగుల్ని పలక మీద కలిపి బురద చేయకుండా వీలైనంత స్వచ్ఛంగా గుడ్డ మీద పెట్టాలి. రస్సెల్ లోపల ఇంజనీర్ ఉన్నాడు కదా, ఈ విషయాన్ని అంతు చూసేదాకా వదల్లేదు. ట్యూబుల్లో అమ్మే రంగులు కొన్నేళ్లకే వెలిసిపోతాయని తెలిసి, పొడులు తెప్పించి తనే నూరుకునేవాడు. ఏ రంగు నిలబడుతుంది, ఏది మోసం చేస్తుంది అని రాబర్ట్స్‌కి ఉత్తరాల్లో రాశాడు.

దీవి ఎంత నచ్చిందంటే అక్కడే స్థలం కొని గుల్ఫార్ రేవు పైన పెద్ద ఇల్లు కట్టించాడు. దీవి జనం దానికి ఇంగ్లీషువాడి కోట అని పేరు పెట్టారు. పాపం, సిడ్నీవాడినని ఎంతమందికి చెప్పుకుంటాడు! 1888 నుంచి ఇరవై ఏళ్లపాటు అదే ఆయన ప్రపంచం. పడవలు నడిపేవాడు. జాలరులతో స్నేహం చేసేవాడు. మోనే దగ్గర సామాను మోసిన పోలీ అనే ముసలి జాలరి ఉండేవాడు. 1886లో మోనే అతని ముఖం వేశాడు. 1900లో రస్సెల్ కూడా వేశాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు రస్సెల్‌దే నచ్చుతుంది. మోనే గడ్డాన్నీ టోపీనీ చూశాడు. రస్సెల్ రోజూ కలిసే మనిషిని వేశాడు.

ఇంటావిడ గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. మరియానా మత్తియోకో, ఇటలీలో కాసినో ప్రాంతపు అమ్మాయి. పారిస్‌లో చిత్రకారులకు మోడల్‌గా ఉండేది. 1888 ఫిబ్రవరిలో పెళ్లి చేసుకున్నారు. రస్సెల్ ఆమె తలశిల్పం చేయమని రోడిన్‌ని అడిగాడు. రోడిన్ ఆమె ముఖాన్ని ఒక్కసారితో వదల్లేదు. వెండిలో పోత పోయించాడు, తర్వాత రోమన్ల మినర్వా దేవతగా కూడా అదే ముఖం పెట్టాడు. అక్కడి నుంచి రోడిన్, రస్సెల్ చివరిదాకా స్నేహితులే. ఇద్దరి మధ్య ఉత్తరాలు చాలా నడిచాయి. పారిస్‌లో రోడిన్ మ్యూజియంలో రస్సెల్ బొమ్మలు కూడా ఉన్నాయి.

1888 వేసవిలో దక్షిణ ఫ్రాన్సులోని ఆర్ల్ నుంచి విన్సెంట్ రస్సెల్‌కి ఉత్తరాలు రాశాడు, ఇంగ్లీషులో. ఆగస్టు మొదట్లో పన్నెండు కలం బొమ్మలు కట్టగట్టి పంపాడు. తను అప్పుడు వేస్తున్న తైలచిత్రాలకు అవి నకళ్లు. పంపడంలో ఒక ఉద్దేశం ఉంది. విన్సెంట్ స్నేహితుడు, చిత్రకారుడు గోగాఁ అప్పుల్లో ఉన్నాడు, రస్సెల్ దగ్గర డబ్బుంది, ఒక బొమ్మ కొనిపించాలని విన్సెంట్ ఆరాటం. రస్సెల్ కొనలేదు. ఇల్లు కడుతున్నాడు, పిల్లలు పుడుతున్నారు, ఖర్చులున్నాయి. ఆ పన్నెండు బొమ్మలు ఇప్పుడు ప్రపంచంలో వేర్వేరు చోట్లకి చెదిరిపోయాయి.

వాటిలో ఒకటి ఎక్కడికెళ్లిందో చూడండి. 1896లో దీవికి ఒక ఇరవై ఆరేళ్ల కుర్రాడు వచ్చాడు. ఆన్రీ మతీస్. అప్పటికి అతని బొమ్మలన్నీ బూడిదరంగు, గోధుమరంగు. మరుసటి వేసవి మళ్లీ వచ్చాడు. మోనే తనకు చూపించినదాన్ని, తను పదేళ్లు పరీక్షించి తెలుసుకున్నదాన్ని రస్సెల్ అతనికి చెప్పాడు. మట్టిరంగులు పక్కన పెట్టమన్నాడు. వెళ్లేటప్పుడు విన్సెంట్ పంపిన గడ్డివాముల బొమ్మ ఒకటి చేతిలో పెట్టాడు. అప్పటికి విన్సెంట్ చనిపోయి ఏడేళ్లు, పేరు ఇంకా పుట్టలేదు. మతీస్ తర్వాత ఏమయ్యాడో మీకు తెలుసు. రంగు గురించి తనకు చెప్పింది రస్సెలేనని, ఆయన తన గురువని పెద్దయ్యాక కూడా చెప్పాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుతాను. ఇప్పటిదాకా మీకు చెప్పిందంతా రస్సెల్ స్నేహితుల కథలా ఉంది. ఆయన మీద ఎవరు మాట్లాడినా ఇలాగే అవుతుంది. ఆ బొమ్మల్ని వాటంతట అవి చూద్దాం.

ఇది 1890-91లో వేసింది, దక్షిణ ఫ్రాన్సు తీరంలోని ఆంటీబ్ నుంచి కనపడే ఆల్ప్స్ కొండలు, ఉదయం పూట. కాన్‌బెరాలో ఉంది. మంచు కొండలు గులాబీ, లేత నీలం. ఇక్కడ మోనే ప్రభావం దాచాలన్నా దాగదు. ఇప్పుడు ఇది, సుమారు 1900 నాటిది, బెల్ ఈల్‌లోని మోరెస్తిల్ దగ్గరి పోటెత్తిన సముద్రం. ఇక్కడ మోనే లేడు. మోనేకి సముద్రం వెలుతురు మారే ఒక తెర. ఏళ్ల తరబడి దాని మీద పడవ నడిపినవాడు రస్సెల్. నీళ్ల బరువు తెలుసు. ఆ కెరటం ఎక్కడ లేచి, ఎక్కడ రాయికి కొట్టుకుని, ఎటు వెనక్కి లాగుతుందో కుంచె గీతల దిక్కు చూస్తే అర్థమవుతుంది. నురగ తెల్లగా లేదు, గమనించారా? ఊదా, ఆకుపచ్చ, గులాబీ. ఆయన మనుషుల బొమ్మలు కొన్నిచోట్ల బిగుసుకుపోయినట్టుంటాయి, ఒప్పుకుంటాను. సముద్రం దగ్గర మాత్రం ఆయనకి ఎదురులేదు.

మరి ఇవన్నీ ఎవరు చూశారు? ఇంటికొచ్చినవాళ్లు. ఆయన ప్రదర్శనల్లో పెట్టింది చాలా తక్కువ, అమ్మింది ఇంకా తక్కువ. పోల్చడానికి ఇంకో ఆస్ట్రేలియన్‌ని చెబుతాను. రూపర్ట్ బన్నీ, మెల్‌బోర్న్‌వాడు. ఈయన కాలంలోనే పారిస్‌లో ఉన్నాడు. 1890లో పారిస్ సలోన్‌లో, అంటే అక్కడ ఏటా జరిగే పెద్ద చిత్రప్రదర్శనలో, ప్రశంస తెచ్చుకున్నాడు. ఫ్రెంచి ప్రభుత్వం అతని బొమ్మలు కొన్నది. ఎందుకంటే ప్రతి ఏడూ పోటీల్లో పెట్టేవాడు, డీలర్ల వెంట తిరిగేవాడు. అమ్ముడుపోతేనే గడుస్తుంది మరి. మోనే కూడా అప్పులవాళ్లని తప్పించుకు తిరిగిన రోజులున్నాయి. అమ్ముకోవాల్సి వచ్చినవాడి బొమ్మ ఒక డీలరు చేతికి వెళ్తుంది. అక్కడి నుంచి ఒక షావుకారు ఇంటికి, ఒక విమర్శకుడి కంటికి, చివరికి ఒక మ్యూజియం గోడకి. ఎక్కడికక్కడ ఒక రశీదు, ఒక పేరు, ఒక వ్యాసం మిగులుతాయి. కళాచరిత్ర రాసేవాళ్లు ఆ కాగితాలు పట్టుకునే వెళ్తారు. రస్సెల్ బొమ్మలు ఇంట్లో గోడకి ఆనించి ఉండిపోయాయి.

1908లో మరియానా చనిపోయింది. ఆయన తట్టుకోలేకపోయాడు. దీవిలో ఇంటి దగ్గరే ఆమెను పాతిపెట్టి, తన బొమ్మలు తనే నాశనం చేసుకున్నాడు. నాలుగు వందలదాకా పోయాయని అంటారు. అమ్మి ఉంటే ఆ నాలుగు వందలూ ఇంకెవరివో అయ్యుండేవి, ఆయన చెయ్యి పడేది కాదు. నేను ఇందాకటి నుంచి చెబుతున్నది ఇదే. ఆమె చనిపోవడానికి ఏడాది ముందు, 1907లో వేసిన బొమ్మ ఒకటి మిగిలింది. గుల్ఫార్ తోటలో పూల మధ్య మరియానా. మనిషి కన్నా పూలే ఎక్కువున్నాయి. ఫ్రాన్సులో మోర్లే అనే ఊరి మ్యూజియంలో ఉంది.

తర్వాతి జీవితం గబగబా చెప్పేస్తాను. దీవిలో ఇల్లు అమ్మేశాడు. కూతురు జీన్ గాయని. ఆమె స్నేహితురాలు, అమెరికన్ గాయని కరొలైన్ మెరిల్‌ని 1912లో పెళ్లి చేసుకున్నాడు. ఇటలీ, ఇంగ్లండ్ తిరిగాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో కొడుకులు పోరాడారు. తైలవర్ణాలు దాదాపు మానేసి నీటిరంగులు వేశాడు. 1920ల మొదట్లో సిడ్నీ వచ్చాడు, కొడుక్కి తోట పెట్టించడానికి కొంతకాలం న్యూజీలండ్ వెళ్లాడు, మళ్లీ ఇక్కడికే వచ్చి వాట్సన్స్ బేలో ఒక చిన్న ఇంట్లో ఉన్నాడు. పడవ దించుకోవడానికి ఒడ్డున రాళ్లు ఎత్తుతుంటే గుండెపోటు వచ్చిందట. డెబ్బై ఒక్క ఏళ్లు. ఊళ్లో పెద్దగా ఎవరికీ పట్టలేదు. దూరపు చుట్టం, చిత్రకారిణి థియా ప్రాక్టర్ మాత్రం ఈయన పేరు నిలబెట్టడానికి పాటుపడింది. 2016-17 శీతాకాలంలో లండన్ నేషనల్ గ్యాలరీ ఆస్ట్రేలియా ఇంప్రెషనిస్టులని ప్రదర్శన పెట్టినప్పుడు రాబర్ట్స్ పక్కన రస్సెల్‌కీ చోటిచ్చింది. 2018లో మన ఊరి గ్యాలరీ ఈయన ఒక్కడి బొమ్మలతోనే పెద్ద ప్రదర్శన పెట్టింది. చనిపోయిన ఎనభై ఎనిమిదేళ్లకి.

నేను చెప్పాల్సింది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: అంత డబ్బుండి, వాన్ గో అడిగితే ఒక్క బొమ్మ కొనలేకపోయాడా? స్వార్థం కాదా?)

అమ్మా, మనం ఇప్పుడు చూస్తున్నాం కాబట్టి అలా అనిపిస్తుంది. 1888లో గోగాఁ ఎవరో, విన్సెంట్ ఎవరో. రస్సెల్ ఆయనకి రంగులకి డబ్బిచ్చి ఉంటే మనం మెచ్చుకునేవాళ్లం, నిజమే. కానీ విన్సెంట్ పంపిన కట్టని పారేయకుండా దాచాడు. ఆ రోజుల్లో విన్సెంట్ బొమ్మలు పారేసినవాళ్లు ఉన్నారు.

(ప్రశ్న: రస్సెల్ మోనే అంత గొప్పవాడంటారా?)

అనను. మోనే కొత్త దారి వేశాడు, ఈయన ఆ దారిలో నడిచాడు. రోడిన్ మాత్రం, నీ బొమ్మలు నిలుస్తాయి, ఒకనాటికి నిన్ను మోనే, రెన్వా, వాన్ గోల సరసన నిలబెడతారు అని ఆయనకి రాశాడు. స్నేహితుడి మాట, కొంచెం తగ్గించుకుని వినాలి. మోరెస్తిల్ సముద్రం ముందు నిలబడినప్పుడు నాకు మాత్రం తగ్గించబుద్ధి కాదు.

(ప్రశ్న: ఇక్కడ ఎక్కడ చూడొచ్చు?)

న్యూ సౌత్ వేల్స్ ఆర్ట్ గ్యాలరీలో. మోరెస్తిల్ సముద్రం అక్కడిదే. 1887లో వేసిన మేడమ్ సిస్లే (చిత్రకారుడు సిస్లే భార్య) బొమ్మ కూడా ఉంది, నది ఒడ్డున. అప్పుడప్పుడు గోడల మీద బొమ్మలు మారుస్తుంటారు, వెళ్లేముందు వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోండి. మామూలు గదులకి టికెట్ లేదు. శనివారం కారు తీసుకెళ్తే పార్కింగ్ టెన్షన్, ట్రెయిన్‌లో సెయింట్ జేమ్స్ స్టేషన్‌లో దిగి పార్కు మీదుగా నడిచి వెళ్లిపోండి.